నా కెర్నెల్ లాగ్: పీసీఐ డివైస్‌లు ఇక ఫైళ్ల రూపంలో

నేను సొంతంగా రాసుకుంటున్న కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం) తన కింద ఏ హార్డ్‌వేర్ ఉందో ముందే తెలుసు. కానీ బూట్ అయ్యేటప్పుడు సీరియల్ పోర్ట్‌లో పడే నాలుగు లైన్లలో తప్ప ఆ సంగతి ఇంకెక్కడా కనిపించేది కాదు. ఈ విడతలో దాన్ని యూజర్ ప్రోగ్రామ్‌ల దాకా తీసుకొచ్చాను. ఇప్పుడు షెల్‌లో క్యాట్ (ఫైల్‌లో ఉన్నది చూపే కమాండ్) కొట్టి నెట్‌వర్క్ కార్డ్ వెండర్ ఐడీ (తయారీ కంపెనీ నంబర్) చదవొచ్చు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, కెర్నెల్ రాసేవాళ్లు ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే అని నా నమ్మకం. లోపలి కోడ్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బయటికి ఒకసారి చూపించిన రూపాన్ని మార్చడం మాత్రం చాలా కష్టం, ఎవరో ఒకరి ప్రోగ్రామ్ దాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందు స్కాన్ సంగతి, అంటే పీసీఐకి (కార్డులు, కంట్రోలర్లని ప్రాసెసర్‌కి కలిపే దారి) ఏమేం తగిలించి ఉన్నాయో వెతకడం. పాత పద్ధతే వాడుతున్నాను: హెక్స్‌లో సీఎఫ్8 పోర్ట్‌కి అడ్రస్ రాసి, సీఎఫ్‌సీ పోర్ట్ నుంచి విలువ చదవడం. అడ్రస్‌లో 31వ బిట్ ఆన్‌లో ఉండాలి. 16 నుంచి 23 వరకు బస్, 11 నుంచి 15 వరకు డివైస్, 8 నుంచి 10 వరకు ఫంక్షన్ (ఒకే డివైస్‌లోని ఉపభాగం), ఆ కింద రిజిస్టర్ ఆఫ్‌సెట్. వెండర్ ఐడీ చోట నాలుగు ఎఫ్‌లు వస్తే అక్కడ ఏమీ లేదని అర్థం.

టెస్టింగ్ క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో, మామూలు పీసీ మెషీన్ మీద. అందులో కనిపించేవి (చోటు బస్:డివైస్.ఫంక్షన్ రూపంలో, బ్రాకెట్లలో వెండర్, డివైస్ ఐడీలు): 00:00.0 దగ్గర హోస్ట్ బ్రిడ్జ్ (8086:1237), 00:01.0 దగ్గర ఐఎస్‌ఏ బ్రిడ్జ్ (8086:7000), 01.1లో ఐడీఈ కంట్రోలర్ (8086:7010), 01.3లో ఏసీపీఐ భాగం (8086:7113), 00:02.0లో వీజీఏ (1234:1111), 00:03.0లో ఈ1000 నెట్‌వర్క్ కార్డ్ (8086:100ఈ). యూఎస్‌బీ ఆన్ చేయకపోతే 01.2 ఖాళీ. అందుకే ఒక ఫంక్షన్ లేదని తెలియగానే లూప్ ఆపకూడదు, ఆపితే 01.3 దొరకదు. హెడర్ టైప్‌లో 7వ బిట్ ఆన్‌లో ఉంటే ఎనిమిది ఫంక్షన్లూ చూడాల్సిందే. మన స్కాన్ సరిగ్గా ఉందో లేదో క్యూఎము మానిటర్‌లో 'ఇన్ఫో పీసీఐ' కొట్టి పోల్చుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్న: ఈ పట్టికని ఏ రూపంలో ఇవ్వాలి? ఒక సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని అడిగే దారి) పెట్టి, స్ట్రక్ట్‌ల అరే నింపి ఇవ్వడం తేలిక. కానీ రేపు స్ట్రక్ట్‌లో ఒక ఫీల్డ్ చేర్చగానే పాత ప్రోగ్రామ్‌లన్నీ తప్పు చోట చదువుతాయి. అన్నీ కలిపి ఒకే పెద్ద టెక్స్ట్ ఫైల్‌గా ఇచ్చినా చిక్కే. లినక్స్‌లో ప్రాక్ కింద ఉండే సీపీయూఇన్ఫో (ప్రాసెసర్ వివరాల ఫైల్) చూడండి. ఎక్స్86లో ఒక రకం లైన్లు, ఆర్మ్‌లో ఇంకో రకం. దాన్ని చదివే స్క్రిప్ట్‌లన్నీ ఊహల మీదే నడుస్తాయి. అందుకే లినక్స్‌లో డివైస్‌ల వివరాలని ఫైళ్లుగా చూపే సిస్ఎఫ్ఎస్ పాటించే నియమాన్నే తీసుకున్నాను: ఒక ఫైల్‌లో ఒకే విలువ.

నా దగ్గర ఇప్పుడు /సిస్/పీసీఐ కింద ప్రతి డివైస్‌కి ఒక ఫోల్డర్, అందులో వెండర్, డివైస్, క్లాస్, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ నంబర్) అని ఫైళ్లు. ఒక్కో దాంట్లో ఒక సంఖ్య, ఒక న్యూలైన్, అంతే. కొత్త సమాచారం కావాలంటే కొత్త ఫైల్ చేరుస్తాను. పాతవి కదలవు. చదవడం మొదలుపెట్టినప్పుడే విలువని ఒక బఫర్‌లోకి రాసేస్తున్నాను. ప్రోగ్రామ్ ఒక్కో బైట్ చొప్పున చదివినా మధ్యలో విలువ మారిపోదు.

పేర్లు మాత్రం కెర్నెల్‌లో పెట్టలేదు. 8086 అంటే ఇంటెల్ అని చెప్పడం యూజర్ ప్రోగ్రామ్ పని. లినక్స్‌లో పీసీఐ డివైస్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ కూడా పేర్లని విడిగా ఉండే ఒక టెక్స్ట్ ఫైల్ నుంచే తీసుకుంటుంది. కొత్త కార్డ్ పేరు చేర్చడానికి కెర్నెల్‌ని మళ్లీ కంపైల్ చేయాల్సిన అవసరం ఉండకూడదు. కొలమానాలకీ ఇదే వర్తిస్తుంది. ఉష్ణోగ్రత లాంటి సెన్సర్ రీడింగ్‌లు ఇచ్చే లినక్స్ హెచ్‌డబ్ల్యూమాన్‌లో 45.5 డిగ్రీలని 45500 అని ఇస్తారు. మిల్లీడిగ్రీలు అన్న సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది, ఫైల్‌లో సంఖ్య ఒక్కటే. కెర్నెల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ గొడవ ఉండదు, చదివేవాళ్లకి పార్సింగ్ టెన్షన్ ఉండదు.

ఎక్కువ ఆలోచించింది పర్మిషన్ల దగ్గర. చదివితే ఏం పోతుందిలే అనిపిస్తుంది, కానీ పోతుంది. ఇంటెల్ ప్రాసెసర్ల కరెంటు వాడకాన్ని చూపే ఎనర్జీ ఫైల్‌ని లినక్స్‌లో ఒకప్పుడు ఎవరైనా చదవగలిగేవారు. ఆ అంకెల నుంచి రహస్య కీలు రాబట్టవచ్చని 2020లో ప్లాటిపస్ దాడి చూపించాక, దాన్ని రూట్‌కి (అడ్మిన్ యూజర్‌కి) మాత్రమే పరిమితం చేశారు. మెషీన్ సీరియల్ నంబర్ కూడా రూట్‌కే కనిపిస్తుంది, మోడల్ పేరు అందరికీ కనిపిస్తుంది. పీసీఐ కాన్ఫిగ్ స్పేస్‌లో (ప్రతి డివైస్‌లో ఐడీలు, సెట్టింగ్‌లు ఉండే రిజిస్టర్ల ప్రాంతం) మామూలు యూజర్‌కి లినక్స్ మొదటి 64 బైట్లే ఇస్తుంది. దీనికి కారణం గోప్యత కాదు: కొన్ని చిప్‌లలో నిర్వచించని చోట చదివితే చిప్పే బిగుసుకుపోతుంది.

వీటన్నిటినీ చూశాక నా నియమం ఇలా పెట్టుకున్నాను: ఐడీలు, క్లాస్ అందరికీ 0444 (చదవడానికి మాత్రమే అనుమతి). మెమరీ అడ్రస్‌లు, ముడి కాన్ఫిగ్ ఫైల్ రూట్‌కి మాత్రమే 0400. ఎవరికి ఇవ్వాలో తేలని ఫైల్‌ని ముందు మూసే ఉంచుతాను. తర్వాత తెరవడం తేలిక, తెరిచినదాన్ని మూస్తే ఏదో ఒక ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

తర్వాతి విడతలో బార్ (డివైస్ మెమరీ లేదా ఐఓ అడ్రస్ ఉండే రిజిస్టర్) సైజులు. రిజిస్టర్‌లో అన్నీ ఒకట్లు రాసి, తిరిగి వచ్చిన విలువ నుంచి సైజు లెక్కగట్టి, పాత విలువని మళ్లీ పెట్టాలి. ఆ కాసేపు కమాండ్ రిజిస్టర్‌లో మెమరీ, ఐఓ డీకోడింగ్ ఆపి ఉంచాలి. ఇది బూట్ సమయంలోనే చేసి ఫలితాన్ని దాచుకుంటాను. యూజర్ ఫైల్ చదివిన ప్రతిసారీ హార్డ్‌వేర్‌ని కదిలించే పని నా కెర్నెల్‌లో ఉండదు.