అండమాన్ ఆటుపోట్లు: తక్కువ ఖర్చులో దీవుల యాత్ర

హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్దామనుకోగానే అందరూ ముందు వెతికేది గది అద్దెలు. కానీ అక్కడ డబ్బు మిగిలేదీ గది దగ్గర కాదు, పోయేదీ గది దగ్గర కాదు. ఓడ టికెట్టు ఎప్పుడు తీశాం, సముద్రం ఏ పూట వెనక్కి తగ్గుతుంది, తిరుగు విమానానికి ముందు ఎంత వ్యవధి పెట్టుకున్నాం, ఈ మూడూ సరిగ్గా కుదిరితే చవక గదిలో ఉన్నా యాత్ర బ్రహ్మాండంగా ఉంటుంది. కుదరకపోతే ఖరీదైన రిసార్టు కూడా ఏమీ చేయలేదు. మేం నలుగురం ఫిబ్రవరి నెలాఖరులో వెళ్లాం. సముద్రం నెమ్మదిగా ఉండే కాలం అదే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత డిసెంబరు వరకు ఈశాన్య వానలు, వాటితోపాటు వాయుగుండాలు ఉంటాయి. ఆ నెలల్లో గదులు సగం ధరకు వస్తాయి గానీ ఓడలు ఆగిపోయే ప్రమాదం ఉంటుంది.

శంషాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం రెండున్నర గంటల్లో దింపేస్తుంది. విమానం దిగే రాజధాని ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్ నుంచి శ్రీ విజయపురంగా 2024 సెప్టెంబరులో మారింది. టికెట్లు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ చూడండి. అక్కణ్ణుంచి ఓడలో వెళ్లే హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ 2018లోనే పేర్లు పెట్టారు. ఓడ టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట పాత పేర్లు. సంక్రాంతి, దసరా సెలవులు, డిసెంబరు ఆఖరి వారం తప్పించుకుంటే విమాన ఛార్జీలో చాలా తేడా కనిపిస్తుంది. 

విశాఖ నుంచి ఓడలో వెళ్తే చవక కదా అని చాలామంది అడుగుతారు. చవకే. కానీ విశాఖ నుంచి ఓడ నెలకు దాదాపు ఒక్కసారే బయల్దేరుతుంది, తేదీలు ముందుగా చెప్పినా మారుతుంటాయి, సముద్రం మీదే రెండు రోజులు దాటుతుంది. బంక్ క్లాసులో పడక, ఓడలోని క్యాంటీన్ తిండి. తీరిక ఉన్నవాళ్లకు అది మంచి అనుభవమే. వారం సెలవు మీద వెళ్లే ఉద్యోగులకు మాత్రం లెక్క కుదరదు.

మొదటి రోజు బస అబర్దీన్ బజార్ చుట్టుపక్కల పెట్టుకోవాలి. లాడ్జీలు చవక, మెస్సులు దగ్గర, పక్కనే బస్టాండు, ఓడలెక్కే జెట్టీ కూడా దూరం కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. కూరగాయల కొట్టులోనో ఆటో స్టాండులోనో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మేం భోజనం చేసిన చోట వడ్డించే ఆయన మా మాట విని "ఎక్కణ్ణించండీ, హైదరాబాదా?" అంటూ చారు ఇంకో గరిటె పోశాడు. జెట్టీలో ఏ కౌంటర్ ఎప్పుడు తెరుస్తారో, రేపు గాలి ఎలా ఉంటుందో ఇలాంటివాళ్లను అడిగితే సరైన మాట తెలుస్తుంది.

ఆ సాయంత్రం సెల్యులార్ జైలుకు కేటాయించండి. 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తి చేశారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. బ్రిటిష్ కాలంలో కాకినాడ బాంబు కేసులో విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారిని తీసుకొచ్చి పెట్టింది ఈ జైల్లోనే. మన రంప పోరాటంలో పట్టుబడిన వాళ్లలోనూ అండమాన్ శిక్ష పడ్డవాళ్లున్నారు. తెలుగువాళ్లు ఆ గదుల ముందు తొందరపడకుండా నడవాలని నా కోరిక. సౌండ్ అండ్ లైట్ షో టికెట్టు పగలే తీసుకోండి, హిందీ ఆటదో ఇంగ్లిష్ ఆటదో చూసుకుని మరీ.

ఇక అసలు విషయం, ఓడలు. హావ్‌లాక్ వెళ్లడానికి రెండు దారులు. ప్రైవేటు వేగపు ఓడ గంటన్నరలో చేరుస్తుంది. ఏసీ, కదలకుండా కూర్చోవాల్సిన సీట్లు, ఒక వైపుకే వెయ్యి రూపాయలు దాటే టికెట్టు. ప్రభుత్వ ఓడ ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరి రెండున్నర గంటలు తీసుకుంటుంది. టికెట్టు అందులో సగం లెక్కకు వస్తుంది. పైగా డెక్ మీద నిలబడి సముద్రాన్ని చూస్తూ వెళ్లొచ్చు. నన్నడిగితే వెళ్లేటప్పుడు ప్రభుత్వ ఓడ, వచ్చేటప్పుడు ప్రైవేటు ఓడ. కారణం ఉంది. ప్రభుత్వ ఓడ టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, దీవుల్లో ఉండేవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. అది న్యాయమే, వాళ్లకు ఆసుపత్రికి వెళ్లాలన్నా అదే దారి. వెళ్లేటప్పుడు టికెట్టు దొరక్కపోతే ఇంకో పూట ఆగొచ్చు. వచ్చేటప్పుడు అవతల విమానం ఉంటుంది, అక్కడ జూదం ఆడకూడదు. ప్రైవేటు టికెట్టును హైదరాబాద్‌లో ఉండగానే తీసేసుకోండి. పేరు, వయసు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయాలి, జెట్టీ గేటు దగ్గర కార్డు చూస్తారు. గంట ముందే చేరాలి.

త్రికోణంగా తిరగడం మరో పొదుపు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్, అక్కణ్ణుంచి నీల్, నీల్ నుంచి తిరిగి పోర్ట్ బ్లెయిర్. ప్రతి దీవికీ విడివిడిగా వెళ్లొస్తే ఒక ఓడ ఛార్జీ, ఒక సగం రోజు అదనంగా పోతాయి.

ఓడలో కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్లు అవోమిన్ మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది పనిచేసేలోపే కక్కుకుంటారు. నిద్ర మత్తు ఉంటుంది కాబట్టి దిగగానే స్కూటర్ నడపొద్దు. సీటు కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో అడగండి. ముందు వరుసలో ఊపు ఎక్కువ. ఖాళీ కడుపుతోనూ, పూరీలు దట్టించిన కడుపుతోనూ ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు సరిగ్గా సరిపోతాయి.

హావ్‌లాక్‌లో చవక గుడిసెలన్నీ దాదాపు తూర్పు ఒడ్డున, గోవింద్‌నగర్, విజయనగర్ వైపు ఉంటాయి. మేం వెళ్లినప్పుడు ఏసీ లేని గుడిసె పదిహేను వందల లోపు దొరికింది. దోమతెర, ఫ్యాను, విడి స్నానాలగది. నిరాశ ఎక్కడ వస్తుందంటే, ఫొటోలో గుడిసె ముందు నీలి నీళ్లు ఉంటాయి, మీరు దిగేసరికి ఫర్లాంగు దూరం దాకా రాళ్లు, బురద, చచ్చిన పగడాలు. ఎవరూ మోసం చేయలేదు, అప్పుడు ఆటు. ఆ ఒడ్డు లోతు లేనిది కాబట్టి నీళ్లు తగ్గితే నేల బయటపడుతుంది. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు, మర్నాటికి అదే పోటు, అదే ఆటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పొంగూ ఎక్కువే, తగ్గడమూ ఎక్కువే. అష్టమి చుట్టూ తేడా తక్కువ. ఇంట్లో గోడ మీద తెలుగు క్యాలెండరు చూసి తిథి తెలుసుకోండి, గంటల వివరం ఫోనులో టైడ్ పట్టికలో దొరుకుతుంది. తూర్పు ఒడ్డున ఈత పోటు సమయానికి పెట్టుకోవాలి, ఆటు సమయంలో దీవి లోపల తిరగాలి.

రాధానగర్ పడమటి ఒడ్డు. అక్కడ ఇసుక నేల, కాబట్టి ఆటైనా పోటైనా ఈతకు ఇబ్బంది లేదు. 2020లో దీనికి శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. జెట్టీ నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. ప్రభుత్వ బస్సు ఉంది, ఛార్జీ నామమాత్రం, కానీ ఆఖరి బస్సు ఎప్పుడో ఎక్కేటప్పుడే డ్రైవరును అడగండి. సూర్యాస్తమయం చూసి బయటికి వస్తే బస్సు ఉండదు, ఉన్న ఆటోలవాళ్లు అడిగిందే ధర. వెళ్లే ఆటోనే తిరిగి రమ్మని మాట్లాడుకోవడం మేలు. స్కూటరైతే రోజుకు ఐదారు వందలు, పెట్రోలు మనదే. ఇద్దరికి ఒకటి చొప్పున తీసుకుంటే ఆటో కంటే చవక. తీసుకునే ముందు బండి చుట్టూ గీతలు, సొట్టలు వీడియో తీసి యజమాని చూస్తుండగానే ఫోనులో దాచుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు పేచీ వచ్చేది వాటి దగ్గరే.

ఇంకో లెక్క. దీవులు మనకు చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం అదే. అందుకని సూర్యుడు హైదరాబాద్ కంటే ముప్పావు గంట నుంచి గంట ముందే అస్తమిస్తాడు. డిసెంబరులో ఐదింటికే చీకటి పడుతుంది. పొద్దున ఐదున్నరకు బయటపడనివాళ్లు రోజులో మంచి భాగాన్ని నిద్రకు ఇచ్చేసినట్టే.

నేను ఎప్పుడూ తగ్గించొద్దనే ఖర్చు స్కూబా, అంటే గాలి సిలిండరు తగిలించుకుని సముద్రం లోపలికి దిగడం. మొదటిసారి దిగేవాళ్లకు మూడున్నర నుంచి నాలుగున్నర వేలు అడుగుతారు. ఇందులో ఐదొందలు బేరమాడటం కంటే ఒక్కో శిక్షకుడి చేతికి ఎంతమందిని ఇస్తారో అడగండి. ఒకరికి ఒకరే ఉండాలి. ముందు ఆరోగ్య పత్రం నింపమంటారు. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ ఉంటే నిజం రాయండి. జలుబుంటే దిగొద్దు, చెవిలో ఒత్తిడి సర్దుకోదు. కిందికి దిగుతుంటే చెవులు దిబ్బడేస్తాయి. నొప్పి మొదలవకముందే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి, ప్రతి మీటరుకూ ఇలా చేస్తూ పోవాలి. నొప్పి వచ్చాక బలంగా ఊదితే చెవికే ముప్పు. కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. ఈత రాకపోయినా దిగొచ్చు, శిక్షకుడు సిలిండరు పట్టుకునే ఉంటాడు. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగపట్టకూడదు. స్కూబా తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు గడవాలి. శరీరంలో కలిసిన నైట్రోజన్ బయటికి పోవడానికి అంత వ్యవధి కావాలి. కాబట్టి స్కూబా యాత్ర మొదట్లోనే పెట్టుకోండి.

నీల్ చిన్న దీవి, సైకిలు చాలు. భరత్‌పూర్ ఒడ్డు జెట్టీకి ఆనుకునే ఉంటుంది. సూర్యోదయానికి సీతాపూర్, అస్తమయానికి లక్ష్మణ్‌పూర్. అన్నిటికన్నా నాకు నచ్చింది సహజ వంతెన ఉన్న రెండో లక్ష్మణ్‌పూర్. అది ఆటు సమయంలోనే చూడాలి. పోటులో దారి మునిగిపోతుంది, రాళ్ల మీద కాలు జారుతుంది. నీళ్లు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరి, తిరిగి పెరగడం మొదలయ్యేలోపు వెనక్కి రావాలి. రాళ్ల మధ్య మోకాలి లోతు గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. ఒక్క నిమిషం కదలకుండా కూర్చుంటే గుంట మొత్తం కదలడం మొదలవుతుంది. సముద్ర దోసకాయలనే నల్లటి జీవులు, గవ్వను మోసుకు తిరిగే సన్యాసి పీతలు, రాతి సందులోంచి పాము తోకల్లా ఊగే పెళుసు నక్షత్రాల (నక్షత్ర చేపల్లాంటి జీవులు) చేతులు. మన నీడ పడగానే పీతలూ ఆ చేతులూ లోపలికి ముడుచుకుపోతాయి. చెప్పులతో కాదు, పట్టీ ఉన్న శాండల్స్‌తో నడవండి. పగడం కోస్తే గాయం చిన్నదే అయినా మానడానికి రోజులు పడుతుంది. మంచినీళ్లతో కడిగి, లోపలి ముక్కలు తీసి, మందు రాయాలి. గైడు పేరుతో చేతికి జీవుల్ని తీసి ఇస్తానంటే వద్దనండి.

తెల్లవారుజామున, సాయంత్రం తడి ఇసుక మీద చిన్న ఇసుక ఈగలు కుడతాయి. కుట్టినప్పుడు తెలియదు, రాత్రి దురద మొదలై వారం రోజులు వదలదు. కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా పట్టిస్తే చాలా వరకు ఆగుతాయి. ఇసుక మీద నేరుగా పడుకోకుండా చాప వేసుకోండి. గోకితే పుండవుతుంది.

బారాటాంగ్ దీవి గురించి అందరూ చెబుతారు. సున్నపురాయి గుహలు, మడ అడవుల్లో పడవ ప్రయాణం బాగుంటాయి. కానీ ఆ దారి జారవా ఆదివాసుల రక్షిత అడవి గుండా పోతుంది, బండ్లన్నీ వరసగా కాన్వాయ్‌లో వెళ్తాయి. అక్కడ బండి ఆపడం, ఫొటో తీయడం, వాళ్లకు ఏదైనా ఇవ్వడం చట్టప్రకారం నేరం. అయినా జనం కిటికీల్లోంచి తొంగి చూసేది గుహల కోసం కాదని అందరికీ తెలుసు. నడిజామున లేచి, రోజంతా బండిలో కూర్చుని, ఆ డబ్బూ పెట్టి ఇందుకోసం వెళ్లొద్దనే నా అభిప్రాయం. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన ఉన్న చిడియాటాపు ఒడ్డుకు బస్సెక్కండి.

సముద్రగర్భ కేబుల్ 2020లో వచ్చాక పోర్ట్ బ్లెయిర్‌లో నెట్ బాగానే ఉంది. దీవుల్లో మాత్రం సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. మనిషికి రోజుకు వెయ్యిన్నర చొప్పున నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసి పెట్టుకోండి. తిండిలో చేప చవక అనుకుంటే పొరపాటు, టూరిస్టు హోటళ్లలో తూకం ప్రకారం ధర వేస్తారు. చెప్పే ముందు తూకం, ధర రెండూ అడగాలి. చవగ్గా కడుపు నిండేది బజారు మెస్సుల్లోని చేపల పులుసు భోజనమే. పచ్చడి, కందిపొడి వెంట ఉంటే కూరగాయలు తినేవాళ్లకు ధైర్యం. పచ్చడి సీసా చెక్ఇన్ సామానులో పెట్టండి, చేతి సంచిలో పెడితే తనిఖీలో ఆపేస్తారు.

పగడం ముక్క, చచ్చినదైనా, వెంట తేకూడదు. వన్యప్రాణి చట్టం కింద నేరం, విమానాశ్రయం స్కానర్‌లో దొరికిపోతుంది. పిల్లల జేబులు ముందే చూసుకోండి.

ఆఖరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలి. నీల్ నుంచి పొద్దున ఓడలో వచ్చి మధ్యాహ్నం విమానం పట్టుకుంటామనే ప్లాన్ గాలి కాస్త పెరిగినా తలకిందులవుతుంది. ఓడ రద్దయితే ఓడ డబ్బు తిరిగి వస్తుంది, విమానం డబ్బు రాదు. అలా రద్దయిన రోజు నీల్‌లో ఇరుక్కుంటే గుడిసెకు తిరిగిపోవద్దు. వెంటనే జెట్టీలో ప్రభుత్వ కౌంటర్ దగ్గర వరసలో నిలబడండి. అప్పటికప్పుడు ఇంకో ఓడ వేస్తే టికెట్లు ఇచ్చేది అక్కడే. మిగిలిన ప్రైవేటు ఓడల్లో మర్నాటి సీట్లు ఫోనులో ఇంకొకరు వెతుకుతూ ఉండాలి, గంట దాటితే అవీ అయిపోతాయి.