తొమ్మిదో రౌండ్ మళ్లీ చూశాను

నిన్న రాత్రి బాక్సర్లు ఆర్టురో గాట్టి, మిక్కీ వార్డ్‌ల మొదటి ఫైట్ మళ్లీ పెట్టుకున్నాను. 2002 మే 18, అమెరికాలోని కనెక్టికట్. తొమ్మిదో రౌండ్ మొదట్లోనే వార్డ్ ఎడమచేతి దెబ్బ డొక్కలో దిగగానే గాట్టి నొప్పితో ముడుచుకుపోయి మోకాళ్ల మీద కూలబడతాడు, ఇక అయిపోయిందనుకుంటాం, కానీ లేచి అదే రౌండ్‌లో ఎదురుతిరిగి కొడుతుంటే నాకు ఇప్పటికీ ఊపిరాడదు. వరల్డ్ టైటిల్ కూడా లేదు ఆ పోటీలో! ఆ రోజు వార్డ్ గెలిచాడు. తర్వాతి రెండూ అట్లాంటిక్ సిటీలో, రెండూ గాట్టివే. నాకు అన్నిటికంటే నచ్చేది వేరే ఉంది: ముప్పై రౌండ్లు ఒకరినొకరు చితక్కొట్టుకున్న ఈ ఇద్దరూ ప్రాణస్నేహితులైపోయారు. 2007లో గాట్టి ఆఖరి ఫైట్‌కి ట్రైనర్ ఎవరో తెలుసా? వార్డే.