మా కింది ఇంటి మామ్మగారి బల్ల

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మా కింది అంతస్తులో ఉండే మామ్మగారికి 84 ఏళ్లు. ఒక్కరే ఉంటారు. నిన్న మధ్యాహ్నం భోజనానికి పిలిచారు.

బల్ల మీద ఇస్త్రీ చేసిన గుడ్డ. చేతిరుమాలుకి ఆవిడ పేరు చెక్కిన వెండి రింగు. "ఎవరూ రాని రోజు కూడా ఇలాగే సర్దుకుంటారా?" అంటే, "నేనున్నానుగా!" అన్నారు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

ముందు లీక్స్ (లావుపాటి ఉల్లికాడల్లాంటి కూర), తర్వాత కోడికూర, ఆపైన ఆకుల సలాడ్, చీజ్, చివర్లో పియర్ పండు. ప్రతిదీ కొంచెమే. బ్రెడ్ ముక్క ప్లేట్లో కాదు, గుడ్డ మీదే. దాంతోనే అడుగున మిగిలిన పులుసంతా తుడుచుకుని తిన్నారు, ఎంత ఇష్టంగానో!

ఫ్రెంచివాళ్ల విందుభోజనాన్ని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆవిడకైతే అది రోజూ పన్నెండున్నరకి జరిగే పనే.

ఇవాళ నేనూ ల్యాప్‌టాప్ మూసేసి, బల్ల మీద గుడ్డ పరిచి, పప్పన్నం వడ్డించుకున్నాను.