బయటి దేశాల పిల్లలతో కచేరీనా? ముందు శ్రుతి తేల్చుకోండి

విదేశాల నుంచి సంగీతం పిల్లలు తిరుపతికి వచ్చారు, మన పిల్లలతో కలిసి మహతి ఆడిటోరియంలో గంటసేపు వాయించాలి అనగానే అందరూ "ఏ పాట వేద్దాం?" అని మొదలెడతారు. పాట సంగతి తర్వాత. ముందు శ్రుతి తేలాలి, అంటే అందరికీ స ఏ ఎత్తులో ఉండాలో.

మన శ్రుతుల అంకెలు హార్మోనియం మెట్ల లెక్క, ఒకటి అంటే సి. మన మగ గొంతులు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నరలో పాడతాయి. ఆడ గొంతులు నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా. మన వయొలిన్‌ని స-ప-స-పకి బిగించుకుంటాం కాబట్టి ఏ శ్రుతైనా ఇబ్బంది లేదు. వాళ్ల తీగలు జి, డి, ఎ, ఇ. ఒకటిన్నర, అంటే సి షార్ప్ పెడితే స గానీ ప గానీ ఖాళీ తీగ మీద దొరకవు. అందుకే అమ్మాయి పాడితే ఐదు, అబ్బాయి పాడితే రెండు పెట్టండి. ఐదు అంటే జి, రెండు అంటే డి. రెండింట్లోనూ స, ప ఖాళీ తీగల మీదే పలుకుతాయి. గిటార్‌కీ సుఖమే. రెండు శ్రుతులూ ఉంటే మృదంగాలు కూడా రెండు ఉండాలి, ఒకటి తగ్గు శ్రుతిది, ఒకటి హెచ్చుది. రాయి, పుల్ల పెట్టి ఎంత కొట్టినా అర శ్రుతి, మహా అయితే ఒకటి జరుగుతుంది, అంతే.

ఇంకో చిక్కు. యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు ఎ స్వరాన్ని 440 బదులు 442 హెర్ట్జ్‌కి శ్రుతి చేసుకుంటాయి. తేడా చిన్నదే, కానీ తంబూరా మీద దీర్ఘంగా పట్టిన స్వరంలో అల ఊగినట్టు తెలిసిపోతుంది. 440 అని ముందే మెయిల్‌లో రాసేయండి.

రాగానికి మోహనమే మేలు. స రి గ ప ధ అనే ఈ ఐదు స్వరాలు చైనా పాటల్లోనూ స్కాట్లాండ్ పాటల్లోనూ ఉన్నవే, ఎవరికీ కొత్త కాదు. గండమంతా కీబోర్డు దగ్గర. ఐదు శ్రుతిలో మోహనం లోపల నిలిచే పూర్తి కార్డులు (మూడు స్వరాలు కలిపి నొక్కేవి) రెండే: జి మేజర్, ఇ మైనర్. చెయ్యి అలవాటుగా సి మేజర్‌కి పోతే మోహనంలో లేని మధ్యమం (మ) దూరుతుంది, డి మేజర్‌కి పోతే నిషాదం (ని). పంచమం మీద కార్డు కావాలంటే డి, ఎ మాత్రమే నొక్కి మధ్య స్వరం వదిలేయమనండి.

తాళంలో ఆది అయితే గొడవ లేదు, ఎనిమిది దెబ్బలు, వాళ్ల లెక్కలో నాలుగేసి దెబ్బల బార్లు రెండు. ఏడు లెక్క ఉండే మిశ్రచాపులోనే తమాషా. బల్గేరియా పిల్లలకి ఏడు బాగా వచ్చు, వాళ్ల రచెనిత్సా నాట్యం ఏడు మీదే నడుస్తుంది. కానీ వాళ్లది 2+2+3, మనది 3+2+2. సమం దగ్గర, అంటే తాళం మొదటి దెబ్బ దగ్గర కలుస్తారు, మధ్యలో కొట్టుకుంటారు. వాద్యాలు పక్కన పెట్టించి పది నిమిషాలు చప్పట్లతోనే నడిపించండి. ఆ పాటకి ఎవరి విరుపు ఉండాలో అప్పుడే నిర్ణయమైపోవాలి.

తీర్మానం, అంటే మూడుసార్లు వాయించి ముగించే ముక్క, అంకెల్లో రాసివ్వండి. ఆదితాళంలో లఘువు (మొదటి నాలుగు దెబ్బలు) అయ్యాక వచ్చే దెబ్బ దగ్గర ఎత్తుకుని, దెబ్బకి నాలుగు మాత్రల లెక్కన "తదిగిణతొం" మూడుసార్లు, మధ్యలో ఒక్కో మాత్ర ఖాళీ: 5, 1, 5, 1, 5. చివరి "తొం" సరిగ్గా సమం మీద పడుతుంది. ఇది ఏ దేశం పిల్లాడికైనా అరగంటలో వస్తుంది.

గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) మాత్రం మూడు రోజుల్లో నేర్పాలని చూడకండి. పాటలో ఒకే ముక్కని మనవాళ్లు ఊపుతూ, వాళ్లు చదునుగా కలిపి వాయిస్తే అపశ్రుతిలా వినిపిస్తుంది. విడివిడిగా పలికించండి, లేదా వాళ్లని కింద స, ప పట్టుకోమనండి.

సౌండ్ అన్నకి ఒకటే చెప్పాలి: స్టేజి మీద వాయించేవాళ్ల వైపు పెట్టే ప్రతి స్పీకర్ (మానిటర్)లోనూ తంబూరా వినపడాలి. కరెంటు చూసుకోండి, జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, మనది 230. అడాప్టర్ మీద 100–240 అని లేకపోతే గిటార్ పెడల్ కాలిపోతుంది.

జపాన్ పిల్లలు షామిసెన్ (వాళ్ల మూడు తీగల వాద్యం) తెస్తుంటే ముందే అడగండి. మేలురకం షామిసెన్ కాడ ఎర్రచందనంతో చేస్తారు, మన శేషాచలం చెట్టే. ఎర్రచందనం బయటికి పోకుండా ఇక్కడ ఎంత గట్టి కాపలా ఉందో తెలిసిందే కదా. వాద్యం ఫొటోలు, కొన్న బిల్లు వచ్చేటప్పుడే వెంట తెచ్చుకోమనండి, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో చూపించడానికి.