1967 మస్టాంగ్ 390కి పవర్ స్టీరింగ్ అమర్చుకున్న వైనం

ఫోర్డ్ మస్టాంగ్‌లోకి పెద్ద బ్లాకు (బిగ్ బ్లాక్) ఇంజన్ తొలిసారి వచ్చింది 1967 మోడల్‌తోనే. 390 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 6.4 లీటర్ల ఆ వి-8 ఇంజన్ పోత ఇనుముది. బరువు 650 పౌండ్ల దాకా ఉంటుంది, ఆ బరువులో అధిక భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. ఇంత బరువున్నా ఆ కారులో పవర్ స్టీరింగ్ అదనంగా డబ్బు కట్టి కోరుకున్నవారికే దక్కేది. మిషిగన్‌లో నేను కొన్న కారుకు మొదటి యజమాని దాన్ని కోరుకోలేదు. రోడ్డెక్కి వేగం అందుకున్నాక ఇబ్బందేమీ ఉండేది కాదు. కానీ నిలిపిన చోటు నుంచి బయటికి తీయాలన్నా, ఇరుకు పార్కింగ్‌లో పెట్టాలన్నా, ఈ కాలపు వెడల్పాటి రేడియల్ టైర్లతో స్టీరింగ్‌ను రెండు చేతులా బలంగా లాగవలసి వచ్చేది. భుజం నొప్పి ముదిరాక, ఈ కారును ఇంకా చాలా ఏళ్లు నడపాలంటే ఏదో ఒకటి చేయక తప్పదని నిశ్చయించుకున్నాను.

దారులు మూడు కనిపించాయి. డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగ్ కాలమ్‌కు ఎలక్ట్రిక్ మోటారు బిగించడం ఒకటి. పాత స్టీరింగ్ బాక్సును తీసేసి, లోపలే హైడ్రాలిక్ సహాయం, అంటే ఆయిల్ ఒత్తిడితో అందే సాయం ఉన్న కొత్త బాక్సు పెట్టడం రెండోది. 1967 కారులో స్టీరింగ్ బాక్సూ, దాని పొడవాటి షాఫ్టూ కలిసే ఉంటాయి కనుక, ఈ రెండు పద్ధతుల్లోనూ కాలమ్‌ను కోయవలసి వస్తుంది. అరవై ఏళ్లకు దగ్గరపడిన కారును అలా కోయడానికి నాకు మనసొప్పలేదు. మూడోది, ఆ రోజుల్లో ఫోర్డ్ తానే అమ్మిన పద్ధతి: బాక్సును కదపకుండా, దాని కింద చక్రాలను తిప్పే కడ్డీల అమరికకు (లింకేజీకి) మాత్రమే హైడ్రాలిక్ సహాయం అందించడం. ఆయిల్ కారుతుందనీ, పాతబడిన నమూనా అనీ చాలామంది దీన్ని తీసిపారేస్తారు. శ్రద్ధగా అమర్చితే ఇంతకంటే కుదురైన పద్ధతి లేదని నా అభిప్రాయం.

ఇది పనిచేసే తీరు చెప్పుకోదగినది. స్టీరింగ్ తిప్పగానే, స్టీరింగ్ బాక్సు కదిలించే పిట్‌మన్ ఆర్మ్ చివరనున్న గుండ్రటి తల బోల్టు (బాల్ స్టడ్) ముందుగా కంట్రోల్ వాల్వ్‌లో ఆయిల్ దారి మార్చే స్పూల్‌ను రవ్వంత జరుపుతుంది. ఆ జరుగుడుతో, ఇంజన్ బెల్టుతో తిరిగే పంపు నుంచి వచ్చే ఆయిల్ ర్యామ్ అనే పిస్టన్ సిలిండర్‌కు ఒక వైపు చేరి, రెండు చక్రాల వైపు కడ్డీలను కలిపే సెంటర్ లింక్‌ను మనం తిప్పిన దిక్కుకే నెడుతుంది. ర్యామ్ రాడ్ కొస ఫ్రేముకు బిగించిన బ్రాకెట్‌లో ఉంటుంది. పంపు నుంచి వాల్వ్‌కు రెండు, వాల్వ్ నుంచి ర్యామ్‌కు రెండు, మొత్తం నాలుగు గొట్టాలు.

సామాను సమకూర్చుకోవడమే అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకుంది. మస్టాంగ్‌లోనే వచ్చిన చిన్న 289 ఇంజన్‌కు పంపు బ్రాకెట్లు సులువుగా దొరుకుతాయి; 390కి అవి పనికిరావు, దాని బ్రాకెట్ వేరు, అరుదు కూడా. నా కారు క్రాంక్ పుల్లీకి పంపు బెల్టు కోసం గాడి లేకపోవడంతో పుల్లీనీ మార్చవలసి వచ్చింది. సెంటర్ లింక్, పిట్‌మన్ ఆర్మ్, సెంటర్ లింక్ రెండో వైపును మోసే ఐడ్లర్ ఆర్మ్ మాన్యువల్ (పవర్ స్టీరింగ్ లేని) కారువి పనికిరావని గుర్తుంచుకోవాలి.

అమర్చే పనిలో పిట్‌మన్ ఆర్మ్‌ను ఊడదీయడమే కష్టం. ఇన్నేళ్ల తుప్పుతో అది షాఫ్టు పళ్లకు అతుక్కుపోయి ఉంటుంది. స్టీరింగ్‌ను సరిగ్గా మధ్యలో నిలిపి, గుర్తులు పెట్టుకుని, ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె పోసి ఉంచాను. మర్నాడు ఊడలాగే సాధనం (పుల్లర్) బిగించి, ఒక్కో పావు చుట్టు తిప్పుతూ, సుత్తితో అంచు మీద తట్టుతూ పోతే చివరికి తుపాకీ పేలినట్టు చప్పుడుచేసి వదిలింది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గరగా ఉంటుంది కనుక, గొట్టాలు దాని వేడికి తగలకుండా ఎంత దూరం వీలైతే అంత దూరంగా మళ్లించాను.

టైప్ ఎఫ్ రకం ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పోసి, చక్రాలు నేలకు ఆనకుండా కారును ఎత్తి నిలిపి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పుతూ గాలి బుడగలు పోగొట్టాను. ఆ తరువాత ఇంజన్ స్టార్ట్ చేస్తే చక్రాలు వాటంతటవే ఎడమకు తిరగసాగాయి. బాగుచేసి అమ్మే వాల్వులలో ఇది మామూలే. వాల్వ్ కొసనున్న మూత తీసి, లోపలి నట్టును కొంచెం కొంచెంగా సర్దుతూ, ముట్టుకోకుండా స్టీరింగ్ స్థిరంగా నిలిచేదాకా ఓపిక పట్టాలి. ఈ సర్దుబాటును ఆదరాబాదరాగా ముగించినవారి కార్లే హైవే మీద ఒక పక్కకు లాగుతాయి.

పని అక్కడితో అయిపోయిందనుకోరాదు. మాన్యువల్ స్టీరింగ్ మరీ బరువెక్కకూడదని క్యాస్టర్ కోణాన్ని, అంటే చక్రం పక్కలకు తిరిగే ఇరుసు పైకొస వెనక్కి వాలే కోణాన్ని, తక్కువగా ఉంచుతారు. పంపు సహాయం వచ్చాక ఆ అవసరం ఉండదు. 1967లో కింది సస్పెన్షన్ ఆర్మ్‌ను ఫ్రేముకు కలిపే స్ట్రట్ రాడ్ నట్లతోనే క్యాస్టర్ మార్చుకునే వీలుంది కనుక, అలైన్‌మెంట్‌లో దాన్ని పాజిటివ్ రెండున్నర డిగ్రీల దాకా తీసుకెళ్లాను. దీనితో మలుపు దాటాక స్టీరింగ్ తానుగా మధ్యకు రావడం మొదలైంది, హైవే మీద దారి పట్టుకుని సాగుతోంది. పార్కింగ్‌లో ఇప్పుడు ఒంటి చేత్తో తిప్పగలుగుతున్నాను. రోడ్డు తీరు మాత్రం చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది. వాల్వ్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోందేమోనని అప్పుడప్పుడూ కిందకు దూరి చూస్తుంటాను. ఊడదీసిన మాన్యువల్ భాగాలన్నిటికీ నూనె రాసి, పేర్లు రాసి పెట్టెలో భద్రపరిచాను. ఎక్కడా కోత పెట్టలేదు కనుక, తరువాతి యజమాని కోరితే కారును మళ్లీ పాత స్థితికి తీసుకురావచ్చు.