తాళం వేసిన ఇంట్లో నీటి పైపులు: నా అనుభవం

అమ్మానాన్నలు మాతో ఉండడానికి హైదరాబాదు వచ్చేసిన తరువాత కాకినాడలోని మా ఇల్లు ఏడాదిలో ఎక్కువ భాగం తాళం వేసే ఉంటోంది. 1990లలో కట్టిన ఆ ఇంటి గోడల్లో పూడ్చినవన్నీ జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు. బోరు నీళ్లు కూడా కొంచెం ఉప్పగానే ఉంటాయి. ఒక వేసవి చివర పక్కింటి పిన్నిగారు ఫోన్ చేసి, "నాయనా, మీ స్నానాల గది వెనక గోడ నడుమెత్తు దాకా చెమ్మెక్కింది, పెచ్చులు రాలుతున్నాయి, వానలా లేవు, ఒకసారి వచ్చి చూసుకో" అన్నారు.

వెళ్లగానే ముందు కరెంటు మెయిన్ స్విచ్ ఆపాను, ఎందుకంటే గీజరు ప్లగ్గు తడిసిన ఆ గోడకే ఉంది. తరువాత డాబా ఎక్కి ట్యాంకు కింది గేట్ వాల్వులు కట్టబోతే అవి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. అలాంటి వాటిని బలవంతంగా తిప్పితే లోపలి కాడ విరిగి నీరు అసలే ఆగదు కాబట్టి, ట్యాంకు ఖాళీ చేయించి, వాటి స్థానంలో బాల్ వాల్వులు పెట్టించాను. పిడి పైపు వెంబడి ఉంటే నీరు వస్తున్నట్టు, అడ్డంగా ఉంటే కట్టేసినట్టు. ఈ ఒక్క మాట చెబితే చాలు, పక్కింటివారు కూడా తడుముకోకుండా కట్టగలుగుతారు.

చెమ్మ కనిపించిన చోటే టైల్సు పగలగొట్టాలని కుర్ర ప్లంబరు తొందరపడ్డాడు గానీ, అతని వెంట వచ్చిన పెద్ద మేస్త్రీ, "లీకు ఒకచోట ఉంటుందండీ, చెమ్మ ఇంకోచోట తేలుతుంది, ముందు ఏ లైనో తేల్చుకుందాం" అని ఆపారు. ఆ మాట ఎంత విలువైనదో తరువాత తెలిసింది. ట్యాంకు నింపి, వాల్వులన్నీ కట్టి, కర్ర దించి నీటి మట్టం గుర్తు పెట్టుకున్నాం; మట్టం కదలలేదు కనుక ట్యాంకు బాగున్నట్టే. వంటింటి లైను తెరిచి కుళాయిలన్నీ కట్టి ఉంచినా తేడా రాలేదు. స్నానాల గది లైను తెరిచి ఉంచిన రాత్రి మాత్రం తెల్లారేసరికి నీరు నాలుగు వేళ్లు దిగింది. ఫ్లష్ ట్యాంకుకు వెళ్లే కుళాయి కట్టినా దిగడం ఆగలేదంటే, కారేది గోడ లోపలే. అప్పుడు టైల్సును తట్టుకుంటూ పోతే ఒకచోట డొల్ల చప్పుడు వచ్చింది. అక్కడ తవ్వితే ఎల్బో (పైపు మలుపు తిరిగే చోటి అతుకు) దగ్గర పైపు తుప్పు తిని జల్లెడలా ఉంది. అతుకు బిగించడానికి పైపు చివర థ్రెడ్ (మర) కోసినప్పుడు జింకు పూత పోయి, పైపు మందం కూడా తగ్గుతుంది కాబట్టి, జీఐ లైన్లలో తుప్పు మొదట పట్టుకునేది ఆ అతుకులనే.

ఎల్బో ఒక్కటీ మార్చి పూడ్చేస్తే ఖర్చు చాలా తగ్గేది. అయితే లైనంతా అదే వయసుది. మనుషులు మసలని ఇంట్లో తరువాతి లీకు బయటపడేసరికి గోడ మళ్లీ నానిపోతుంది. అందుకే పాత లైను వదిలేసి, వేడినీటిని కూడా తట్టుకునే సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులను గోడ వెలుపలి వైపు నుంచి వేయించాను. చూడడానికి అంత అందంగా ఉండదని నాన్న కొంచెం నొచ్చుకున్నారు గానీ, కారితే ఎవరి కంటికైనా వెంటనే కనబడే పైపే ఖాళీ ఇంటికి మేలని నా గట్టి నమ్మకం. అతుకులు ఆరడానికి ఒక రోజంతా వదిలి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి, ఒత్తిడి చూపే గేజీ ముల్లు దిగడం లేదని చూసుకున్నాకే గీజరు కలిపించాను. ట్యాంకు నుంచి కింది కుళాయికి 7 మీటర్ల ఎత్తు ఉంటే పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోలే కాబట్టి, పరీక్షలో అంతకు ఎన్నో రెట్లు నిలిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. ఎండ తగిలే పైపులు పెళుసెక్కకుండా రంగు వేయించాను. పిట్టగోడ పగుళ్లలో మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా తీయించాను.

గోడ విషయంలో తొందర పనికిరాదు. పెచ్చులు ఇటుక దాకా చెక్కించి, తెల్లటి ఉప్పు పొడిని పొడి బ్రష్షుతో రాల్చి, నెలల తరబడి గాలికి వదిలేశాను. తడి మీద పుట్టీ పెడితే రంగుతో సహా ఊడివస్తుంది.

ఇప్పుడు ఇల్లు వదిలి వచ్చేటప్పుడు మీటరు దగ్గర మునిసిపల్ కుళాయి వాల్వు కడతాను, ఎందుకంటే సంపులో ఫ్లోటు చెడితే నీరు పొర్లిపోతుంది. మోటారు మెయినూ, గీజరు స్విచ్చూ ఆపి, ట్యాంకు కింది వాల్వులు కట్టి, అన్నిటికన్నా కిందున్న కుళాయినీ పైనున్న కుళాయినీ రెండింటినీ తెరుస్తాను. పైనుంచి గాలి చొరబడితేనే పైపులో నీరు పూర్తిగా దిగుతుంది. ఫ్లష్ ట్యాంకు కూడా ఖాళీ చేసి, దోమలు దూరకుండా పై ట్యాంకు మూత బిగిస్తాను. తాళం చెవి ఒకటి పిన్నిగారి దగ్గరే ఉంటుంది.

తిరిగి వెళ్లినప్పుడు వాల్వును ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా తిప్పి, కుళాయిల్లోంచి గాలి, తుప్పునీరు పోయేదాకా వదులుతాను. వేడినీటి కుళాయిలోంచి ధార ఆగకుండా వచ్చాకే, అంటే గీజరు నిండిందని తేలాకే, దాని స్విచ్చు వేస్తాను; ఖాళీ గీజరులో కాయిలు కాలిపోతుంది.