పొయ్యి మండుతూనే ఉంది, వేడి ఎటు పోతోంది?

నేను బీఏ. హిస్టరీ, పాలిటీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. గ్రూప్స్‌కి కూర్చున్నాక జనరల్ సైన్స్ తప్పలేదు. అందులో 'పదార్థం, శక్తి' నిన్న రాత్రితో పూర్తయింది. నాలాంటి ఆర్ట్స్ వాళ్లకి పనికొస్తుందని వేడి మీదే రాసేస్తున్నాను.

ఘన, ద్రవ, వాయు స్థితులు చదివితే వచ్చేస్తాయి. గతిజశక్తి (కదలిక వల్ల ఉండేది), స్థితిజశక్తి (ఉన్న స్థానం వల్ల దాగి ఉండేది) ఒక్క సాయంత్రం పని. శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుందంతే అన్నారు, ఒప్పుకున్నాను. గొడవంతా ఆ ఒప్పుకోవడంతోనే మొదలైంది.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మా కోచింగ్ సార్ బోర్డు మీద గుప్తోష్ణం (లేటెంట్ హీట్) అని రాసి రెండు అంకెలు వేశారు. గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు, గ్రాము నీరు ఆవిరవడానికి 540. ఆ సమయంలో ఉష్ణోగ్రత మారదు, రాసుకోండి, నెక్స్ట్. నేను చెయ్యెత్తాను.

"సార్, కింద మంట మండుతూనే ఉంది కదా, మరి ఆ వేడంతా ఎటు పోతోంది? శక్తి నశించదని నిన్ననే చెప్పారు."

ఆయన మైకులోనే నవ్వారు. "ఏమ్మా, బీఏనా? ఈ డౌట్లు వంటింట్లో తీర్చుకో. ఇక్కడ 80, 540 బట్టీ పట్టు, మార్కు వస్తుంది."

హాలంతా గొల్లుమంది. ముందు వరస బీటెక్ కుర్రాళ్లు వెనక్కి తిరిగి మరీ చూశారు. టీ బండి దగ్గర వాళ్లలో ఒకణ్ని అడిగితే "లేటెంట్ హీట్ అక్కా, అది అంతే" అన్నాడు. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివి చెప్పిన జవాబది!

సరే, వంటింట్లోనే తేల్చుకుందామనుకున్నాను. ల్యాబ్ సామాన్ల షాపులో 110 డిగ్రీల దాకా గీతలున్న థర్మామీటర్ కొన్నాను. (జ్వరం చూసేదాన్ని మరిగే నీళ్లలో పెట్టకండి, పగులుతుంది.) గిన్నెలో ఐసుముక్కలు వేసి, సన్నసెగ మీద కలుపుతూ కూర్చున్నాను. ముక్కలు ఉన్నంతసేపూ సున్నాను వదల్లేదు. కరిగాక చకచకా ఎక్కింది. 98 దగ్గర మళ్లీ ఆగింది. మంట పెద్దది చేస్తే బుడగలు పెరిగాయి గానీ ఉష్ణోగ్రత కదల్లేదు. వంద ఎందుకు రాలేదంటే హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. గాలి పీడనం తక్కువ కాబట్టి నీరు ముందే మరుగుతుంది. మా సార్ నోట్సులో ఈ ముక్క లేదు.

జవాబు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో, తెలుగు అకాడమీ వాళ్ల పాత ఇంటర్ ఫిజిక్స్‌లో దొరికింది. అణువులు ఎంత జోరుగా కదులుతున్నాయో అదొక్కటే థర్మామీటర్‌కి తెలుస్తుంది. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కదా, ఆ పట్టు విడిపించడానికి ఖర్చయ్యే శక్తి దానికి కనబడదు. ఆ శక్తి అణువుల మధ్య స్థితిజశక్తిగా చేరుతుంది. ముందు చాప్టర్లో చదివిన స్థితిజశక్తే! కొండ మీద రాయి బొమ్మ గీసి వదిలేస్తే ఇది ఎవరికి తడుతుంది?

లెక్క చూడండి. సున్నా డిగ్రీల గ్రాము మంచు వంద డిగ్రీల ఆవిరి కావాలంటే కరగడానికి 80, నీరు సున్నా నుంచి వందకి ఎక్కడానికి డిగ్రీకి ఒకటి చొప్పున 100, ఆవిరవడానికి 540, కలిపి 720 కేలరీలు. అందులో థర్మామీటర్ ఎక్కడానికి పనికొచ్చింది 100 మాత్రమే. ఆవిరి మళ్లీ నీరైతే ఆ 540 తిరిగి వదిలేస్తుంది. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు తగిలే ఆవిరి, మరిగే నీళ్లకంటే గట్టిగా కాల్చేది అందుకే.

ఇంకో సంగతి. 1760ల్లో గ్లాస్గో యూనివర్సిటీలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త కూడా ఇలాగే ఆలోచించాడు. కరగడానికి వేడి ఖర్చు కాకపోతే మంచు ఒక్కసారిగా కరిగి ఊళ్లు మునగాలి కదా అని. ఆయన్నెవరూ వంటింట్లోకి పొమ్మన్నట్టు లేరు.

అదే చాప్టర్లో ఐన్‌స్టీన్ 1905 నాటి E=mc² (శక్తి అంటే ద్రవ్యరాశిని కాంతి వేగం వర్గంతో గుణించడం) అంటే టెన్షన్ పడ్డాను గానీ అది తేలిక. గ్రాము ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారితే కరెంటు బిల్లు లెక్కలో 2.5 కోట్ల యూనిట్లు. అంతే.

కోచింగ్ మెటీరియల్‌కి డబ్బులు తగలేయకండి. స్కూలు తెలుగు మీడియం పుస్తకాలు, ఆ ఇంటర్ పుస్తకం చాలు. ప్రశ్నలో కేలరీలు అడిగారా, జౌళ్లా అన్నది రెండుసార్లు చూసుకోండి. కేలరీకి 4.18 జౌళ్లు, అంటే 80 కాస్తా 334 అవుతుంది. ఫీజు కట్టేశాను కాబట్టి నేనింకా ఆ హాలుకే వెళ్తున్నాను. సోమవారం నుంచి కాంతి. డౌట్లు ఇప్పటికే రాసిపెట్టుకున్నాను, మైకు ఎంత దగ్గరున్నా సరే అడుగుతాను.